రాసియ్యుండ్రి, సారూ

మా ఇంట్లో అవ్వాబాపుల పెళ్లి ఫొటో లేదు. ఒకప్పుడు ఉండేది. గోదావరిఖనిలో మేమున్న కంపెనీ క్వార్టర్లో, ముందరి గదిలో, క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతుండేది. ఆ ఫొటోలో అవ్వ పక్కన నిక్కరు తొడుక్కుని నిలబడ్డ పిల్లగాడు మా చిన్న మామ. 1993 చలికాలంలో ఒక రాత్రి పోలీసులొచ్చి ఆ ఫొటో పట్టుకుపోయారు. మామకు అప్పటికి ముప్పై ఏళ్లు. నిక్కరేసుకున్న పిల్లవాణ్ని చూసి ముప్పై ఏళ్ల మనిషిని ఎట్లా పట్టుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

మామ బాయిపని చేసేవాడు. కార్మికుల మీటింగులకు పోయేవాడు. 1992 మే నెలలో ప్రభుత్వం పీపుల్స్‌వార్‌నూ దాని అనుబంధ సంఘాలనూ నిషేధించింది. సింగరేణి కార్మిక సమాఖ్య కూడా వాటిలో ఉంది. ఆ తర్వాత బొగ్గుబాయిల దగ్గర ఎవరు ఎవరితో నిలబడి చాయ తాగినా అనుమానమే. మామ ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఆయన కోసం మా ఇంటికొచ్చారు.

రాత్రి రెండయింది. బాపు నైట్ షిఫ్టుకు పోయాడు. ఎనమండుగురు మగవాళ్లు లోపలికొచ్చారు, వాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. మొదటి ప్రశ్న, "ఇంట్ల మొగమనిషి లేడా?" అని. బియ్యం డబ్బా బోర్లించారు. బొంతలు విప్పారు. నా తొమ్మిదో తరగతి పుస్తకాలు దులిపారు. అవ్వ సందుగ తెరిచి చీరెలన్నీ కింద పడేశారు. అడుగున మేమిద్దరం నెలనెలా వాడుకునే పాతగుడ్డల మూట ఉంది. ఒకతను దాన్ని లాఠీ కొసతో పైకెత్తి చూసి, నా వైపు చూసి, వదిలేశాడు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా నా చెయ్యి ఆగింది.

పోతూ పోతూ ఒకతను గోడ మీది ఫొటో తీశాడు. అప్పటిదాకా నోరు మెదపని అవ్వ అడిగింది: "ఏం కొంచవోతున్రో కాయితం మీద రాసియ్యుండ్రి, సారూ."

అవ్వకు చదువు రాదు. కానీ కాయితం విలువ తెలుసు. "కడియాలు కుదువ పెడితే సేటు సుత చీటి రాసిస్తడు" అని కూడా అంది. అది వాళ్లకు నచ్చలేదు. "ఏందే, మాకే రూల్స్ చెప్తున్నవా? నడువు, స్టేషన్ల రాసిస్తం" అన్నాడు పెద్దాయన. అట్లా అవ్వను జీపెక్కించుకుపోయారు.

స్టేషన్లోనూ ఏమీ రాయలేదు. వరండాలో కింద కూర్చోబెట్టారు. తెల్లారి షిఫ్టు దిగిన బాపు స్నానం కూడా చేయకుండా, ఒంటి మీది బొగ్గుతోనే పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. సాయంత్రం ఆరింటికి అవ్వను వదిలేశారు. "ఏం జేసిండ్రే?" అని వాడకట్టు ఆడవాళ్లు గుసగుసగా అడిగితే అవ్వ చెప్పిన జవాబు ఒకటే. "ఏం జెయ్యలే. కూసోబెట్టిండ్రు."

మామ రెండేళ్లకు తిరిగొచ్చాడు. ఆయన మీద కేసులు నడిచాయి. ఆ కేసులకు నంబర్లున్నాయి, వాయిదాల తేదీలున్నాయి, కొట్టేస్తూ ఇచ్చిన తీర్పులున్నాయి. అవ్వ గడిపిన ఆ పదహారు గంటలకు ఏ నంబరూ లేదు. ఆ రాత్రి మా ఇంట్లో సోదా జరిగినట్టు ఏ కాగితంలోనూ లేదు. అవ్వను తీసుకెళ్లినట్టూ లేదు. నేను మాట్లాడదలచుకున్నది ఈ రాయనితనం గురించే.

*

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక, ఒక సెలవు రోజున క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ముందేసుకుని ఆ రాత్రిని దానితో పోల్చి చూసుకున్నాను. 1974 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన చట్టమది. మా తలుపు తట్టేనాటికి దానికి పంతొమ్మిదేళ్లు నిండాయి. 165వ సెక్షన్ ప్రకారం, వారంటు లేకుండా సోదా చేయాలంటే పోలీసు అధికారి తన కారణాలనూ ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో దాన్నీ ముందు రాతలో పెట్టాలి. ఆ రాత ప్రతిని మేజిస్ట్రేటుకు పంపాలి. 100వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలో నివసించే ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట సోదా జరగాలి. స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువునూ జాబితా రాయాలి. ఆ జాబితా ప్రతిని ఆ ఇంట్లో ఉంటున్న మనిషికి ఇవ్వాలి.

ఇంటి యజమానికి అని లేదు, ఇంట్లో ఉంటున్న మనిషికి అని ఉంది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా క్వార్టరు బాపు పేరు మీద అలాటయింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పని చేయనివ్వలేదు. 2019లో గానీ ఆ నిషేధం సడలలేదు. అందుకే ఈ బొగ్గుట్లో ఆడవాళ్లు తరతరాలుగా ఫలానా కార్మికుడి పెండ్లాం, ఫలానా వాడి అక్క. కంపెనీ కాగితాల్లో ఇల్లు మొగుడిది. పోలీసుల లెక్కలో కూడా "మొగమనిషి లేడా" అన్నదే మొదటి ప్రశ్న. కానీ చట్టం లెక్కలో, బాపు బాయిలో ఉన్న ఆ రాత్రి, ఆ ఇంటి మనిషి మా అవ్వే. రాసియ్యమని అడిగే హక్కు ఆమెదే. అక్షరం రాని ఆమె సరిగ్గా చట్టం చెప్పిన మాటే అడిగింది. అందుకు శిక్ష పడింది.

160వ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది. దర్యాప్తులో ఒక స్త్రీని ప్రశ్నించాలంటే ఆమె ఉంటున్న చోటికే పోలీసు వెళ్లాలి. ఆమెను మరోచోటికి రమ్మనకూడదు. 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా గుర్తు చేసింది. 1983లో షీలా బార్సే అనే పాత్రికేయురాలు బొంబాయి జైల్లో ఆడవాళ్ల స్థితి మీద రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, స్త్రీలను వేరే లాకప్పుల్లో ఉంచాలనీ మహిళా పోలీసుల సమక్షంలోనే ప్రశ్నించాలనీ అదే కోర్టు చెప్పింది. ఇవన్నీ మా అవ్వను జీపెక్కించడానికి ముందే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంకా వచ్చాయి. 1986లో డి.కె. బసు రాసిన ఉత్తరం నుంచి పుట్టిన కేసులో, 1996 డిసెంబరులో, అరెస్టు మెమో రాయాలనీ దాని మీద కుటుంబ సభ్యుడో స్థానికుడో సంతకం చేయాలనీ సుప్రీంకోర్టు పదకొండు నిబంధనలు పెట్టింది. పొద్దుగూకిన తర్వాత, పొద్దు పొడవక ముందు స్త్రీని అరెస్టు చేయకూడదన్న సవరణ 2006లో అమల్లోకొచ్చింది. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా కారణం చూపి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

మంచిదే. అయితే ఈ పరిమితులన్నీ 'అరెస్టు' అనే మాట మీద నిలబడి ఉన్నాయి. అరెస్టే కాదంటే మెమో ఎందుకు? మేజిస్ట్రేటు ఎందుకు? ఇరవై నాలుగు గంటల లెక్క ఎక్కణ్నుంచి మొదలవుతుంది? మా దగ్గర ఆడవాళ్లను ఎవరూ 'అరెస్టు' చేయరు. కూసోబెడతారు. కొడుకు దొరకకపోతే తల్లిని, మొగుడు దొరకకపోతే పెండ్లాన్ని, తమ్ముడు దొరకకపోతే అక్కను. మగవాడు లొంగేదాకా ఆడమనిషి కుదువ సొత్తు. సేటు దగ్గర పెట్టిన కడియాలకైనా చీటీ ఉంటుంది.

*

ఇక్కడ మన గురించి మనం కొంత నిష్ఠూరంగా మాట్లాడుకోవాలి.

ఆ రోజుల్లో ఎన్‌కౌంటర్లనూ అక్రమ అరెస్టులనూ లెక్క రాసింది పౌరహక్కుల కార్యకర్తలు. అందుకు వాళ్లు ప్రాణాలే ఇచ్చారు. వరంగల్‌లో డాక్టర్ రామనాథం 1985లో, నర్రా ప్రభాకర్‌రెడ్డి 1991లో హత్యకు గురయ్యారు. వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయను. కానీ ఆ నివేదికల్లో లెక్కకొచ్చింది ఎక్కువగా చచ్చిపోయిన మగవాళ్లూ, పట్టుబడ్డ మగవాళ్లూ. వెనక మిగిలిన తల్లులూ భార్యలూ 'బాధిత కుటుంబం' అనే రెండు మాటల్లో ఇమిడిపోయారు.

స్త్రీల ఉద్యమం ఖాకీ గురించి మాట్లాడింది కస్టడీలో జరిగే అత్యాచారంతో మొదలుపెట్టి. మథుర తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ మనకు పాఠమే. అంతకుముందు ఏడాది, 1978 మార్చిలో, రెండో ఆట సినిమా చూసి వస్తున్న దంపతులను హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు పట్టుకెళ్లారు. ఆమె అత్యాచారానికి గురైంది. భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా రాయచూరులో నడిచిన కేసులో నిందితులు బయటపడ్డారు. ఈ పోరాటాల నుంచే 1983లో కస్టడీ అత్యాచారం ప్రత్యేక నేరమైంది.

ఈ రెండు లెక్కలకూ మధ్య మా అవ్వ ఉంది. ఆమె చావలేదు, అత్యాచారానికి గురికాలేదు. "ఏం జెయ్యలే." చావూ అత్యాచారమూ అయితే తప్ప పోలీసు గడప దాటడం మనకు వార్త కాలేదు, కథ కాలేదు. మనం కూడా వాడకట్టు ఆడవాళ్ల లాగే "ఏం జేసిండ్రే?" అని గుసగుసగా ఒకే ఒక్క విషయం అడిగాం. చట్టం కూడా అంతే. స్త్రీ ఒంటిని మరో స్త్రీయే, మర్యాద చెడకుండా సోదా చేయాలంటుంది. ఆమె సందుగ గురించి, అడుగున దాచుకున్న గుడ్డల మూట గురించి దానికేమీ తెలియదు. ఆడదాని శీలం కాపాడితే చాలు, ఆమె ఇల్లు, వస్తువులు, సమయం, జ్ఞాపకాలు ఎవరు తొక్కినా పరవాలేదన్న ధోరణి పితృస్వామ్యానిదే. దాన్ని మనమూ కొంత మోశాం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2014 జూలైలో ఆర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దనీ, ముందు నోటీసివ్వాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. అది 498ఎ కేసు. కొందరు భార్యలు ఆ సెక్షన్‌ను ఆయుధంగా వాడుతున్నారని రాసిన తీర్పది. మనకు కోపం వచ్చింది, రావాల్సిందే. దెబ్బలు తిన్న స్త్రీ స్టేషన్ మెట్లెక్కితే "రాజీ పడు" అనే పోలీసులకు ఇంకో సాకు దొరికిందని మనమంతా అనుకున్నాం. అప్పటి నుంచి, అరెస్టు మీద పరిమితులంటే అవేవో మొగుళ్ల హక్కులన్నట్టు మనలో చాలామందికి ఒక అయిష్టం.

ఆ అయిష్టం నుంచి నన్ను బయట పడేసింది మరియమ్మ. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసుల అదుపులో చనిపోయిన దళిత స్త్రీ. వంటపని చేసే ఇంట్లో డబ్బు పోయిందని ఆమె మీద ఆరోపణ. పనిచేసే ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అంటే ఆర్నేష్ కుమార్ తీర్పు ఆమెకూ వర్తించాలి. వకీలును పెట్టుకోగలిగిన భర్తకు ఆ తీర్పు నోటీసుగా అందింది. వంటమనిషి మరియమ్మకు అదే తీర్పు ప్రాణం కూడా మిగల్చలేదు. తప్పు పరిమితిది కాదు. ఆ పరిమితి ఎవరి ఇంటిదాకా నడిచొస్తుందన్నదే ప్రశ్న. మొగుళ్ల మీద కోపంతో మనం దాన్ని వదిలేస్తే, నష్టపోయేది వంటమనుషులూ బొగ్గుబాయి బస్తీల అక్కలూ.

*

పోలీసులు ఈ నియమాలను ఇంత తేలిగ్గా ఎందుకు దాటగలుగుతున్నారు? దాటినా వాళ్లకు పోయేదేమీ లేదు కాబట్టి. సోదా అక్రమమైనా, దానిలో దొరికిన వస్తువు కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా చెల్లుతుందని 1973 డిసెంబరులో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏమీ దొరకని ఇంటి గతి చెప్పేదే లేదు. కేసు లేదు, కోర్టు లేదు, ప్రశ్నించే సందర్భమే రాదు.

కానీ మన చేతిలో ఒకటుంది. మనమే సాధించుకుని మరిచిపోయినది. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో వచ్చిన చట్ట సవరణలో 166ఎ అనే కొత్త సెక్షన్ పెట్టారు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోని పోలీసుకు శిక్ష అని మనకు గుర్తున్నది దాని మూడో భాగం. మొదటి రెండు భాగాలు ఎంతమందిమి చదివాం? రమ్మనకూడదని చట్టం చెప్పిన మనిషిని తెలిసి తెలిసి దర్యాప్తుకు రప్పిస్తే అది నేరం. దర్యాప్తు ఎట్లా చేయాలో చెప్పే ఏ నియమాన్నయినా తెలిసి తెలిసి మీరి, ఎవరికైనా నష్టం కలిగిస్తే అదీ నేరం. ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన కారాగారం. ఈ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదని కూడా ఆ సవరణే చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇది 199వ సెక్షన్. అవ్వను కూసోబెట్టడం మొదటి భాగం కిందికొస్తుంది. జాబితా ఇవ్వకుండా ఫొటో పట్టుకుపోవడం రెండో భాగం కిందికొస్తుంది. 1993లో ఆ నేరానికి పేరు లేదు. ఇప్పుడుంది. దాన్ని వాడాల్సిన మనం దాన్ని అలమారలో పెట్టేశాం.

అదే రోజు నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సోదాను ఫోన్‌లోనైనా వీడియో తీయాలన్నారు. ఆ వీడియో మేజిస్ట్రేటుకు వెళుతుంది. ఇంటి మనిషికి ఇవ్వాలని అందులో లేదు. మన సందుగల్లోకి లాఠీతో పాటు కెమెరా కూడా వస్తోందన్నమాట. పాత 160కి బదులు వచ్చిన 179వ సెక్షన్‌లో ఇంకో మాట చేర్చారు. స్త్రీ తనకు ఇష్టమైతే స్టేషన్‌కు రావచ్చట. రాత్రి రెండింటికి, ఎనమండుగురు మగవాళ్ల మధ్య, బియ్యం పారబోసిన ఇంట్లో నిలబడ్డ ఆడదాని ఇష్టం ఎట్లుంటుందో ఆ వాక్యం రాసినవాళ్లు ఊహించారా? సమ్మతి అనే మాట మీద మనం ఇన్ని వ్యాసాలు రాశాం. పడకగదిలో సమ్మతి గురించి రాసినంత పదునుగా పోలీసు జీపు దగ్గర సమ్మతి గురించి రాయాలి.

తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తిరిగే 'కార్డన్ సెర్చ్' కూడా ఇట్లాంటిదే. ఆ పేరు పాత కోడ్‌లోనూ లేదు, కొత్త సంహితలోనూ లేదు. ఒక నేరం, ఒక కారణం, ఒక వస్తువు రాసుకుని ఒక ఇంటికి రమ్మంటుంది చట్టం. పత్రికలేమో పట్టుబడ్డ మోటార్‌సైకిళ్ల లెక్క వేసి ఊరుకుంటాయి. ఆ పొద్దు ఎన్ని ఇళ్లలో బాలింతలు లేచి నిలబడ్డారో ఎవరూ లెక్క వేయరు. ధనవంతుల కాలనీల్లో ఈ తనిఖీలు జరిగాయని నేనెప్పుడూ చదవలేదు.

*

"అందరూ కాయితం అడగండి" అని మీటింగుల్లో చెప్పి వచ్చేయడం తేలిక. అడిగినందుకే మా అవ్వను తీసుకెళ్లారు. గడప దగ్గర ఒంటరిగా నిలబడ్డ స్త్రీ మీదనే ఆ భారం వేయడం న్యాయం కాదు. ఆమె అడగలేకపోయినా, తెల్లారి ఆమె తరఫున అడిగేవాళ్లుండాలి.

మా ప్రాంతంలో అట్లా అడిగిన స్త్రీ ఒకరుండేవారు. పి.వి. నాగమణి, హైకోర్టు న్యాయవాది. 2020 మే నెలలో మంథని పోలీస్ స్టేషన్‌లో ఒక మనిషి చనిపోయాడు. వన్యప్రాణుల వేట ఆరోపణ మీద తెచ్చిన మనిషి. ఉరేసుకున్నాడని పోలీసులన్నారు. నాగమణి హైకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుని విచారణకు ఆదేశించింది. 2021 ఫిబ్రవరి 17న పట్టపగలు, రామగిరి మండలం కల్వచర్ల దగ్గర నడిరోడ్డు మీద ఆమెనూ, ఆమె భర్త, న్యాయవాది గట్టు వామనరావునూ నరికి చంపారు. ఆ హత్య వెనక ఎవరున్నారో తేల్చాల్సింది దర్యాప్తు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించింది. నేను ఆ సంగతిలోకి పోను. నాకు కావలసింది ఆమె రాసిన ఉత్తరం. షీలా బార్సే ఉత్తరం, డి.కె. బసు ఉత్తరం, ఆ నలుగురు అధ్యాపకుల లేఖ, నాగమణి ఉత్తరం. పోలీసు అధికారం మీద మనకున్న కాస్త కట్టడీ ఎవరో ఒకరు కూర్చుని రాయడం వల్లే వచ్చింది.

మనం రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. రాత్రి సోదా జరిగిన ఇంటికి తెల్లారి పోయి, ఏ వేళకొచ్చారు, ఎందరొచ్చారు, ఆడ పోలీసు ఉందా, సాక్షులెవరు, ఏం తీసుకెళ్లారు, ఎవరిని కూర్చోబెట్టారు, ఎన్ని గంటలు అని ఆ ఇంటి మనిషి చెప్పినట్టు రాసి, ఆమె వేలిముద్రో సంతకమో తీసుకుని, మేజిస్ట్రేటుకూ పోలీసు పెద్దలకూ పోస్టులో పంపడం మనకు చేతకాని పని కాదు. అందులో 199వ సెక్షన్ అని పేరు పెట్టి రాయడం కూడా. పది ఇళ్లకు పది ఉత్తరాలు వెళితే, "సోదా జరగనే లేదు" అనడం పదకొండో ఇంటి దగ్గర అంత తేలిక కాదు.

అవ్వకిప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. పోయిన నెల ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, ఆ పదహారు గంటల గురించి మళ్లీ అడిగాను. దాని గురించి చెప్పలేదు. ఫొటో గురించి చెప్పింది. ఆకుపచ్చ అంచు చీరె కట్టుకున్నదట, కాళ్లకు కడియాలున్నాయట, బాపు నవ్వకుండా నిలబడ్డాడట, తమ్ముడు మాత్రం కదిలి ముఖం చెదిరిందట. ఆ రాత్రి రాసిచ్చి ఉంటే జాబితాలో ఒక వరుస ఉండేది: ఫొటో ఒకటి, చెక్క చట్రంతో. ఆ వరుస పట్టుకుని నేను ఏ ఆఫీసుకైనా పోయి అడిగేదాన్ని.